కష్టం ఒక్కటే మనిషిని పెంచదు
కష్టాలు పడితేనే మనిషి ఎదుగుతాడని, అవి లేనివాడికి ఎదుగుదలే లేదని మనోవైద్యుడు విక్టర్ ఫ్రాంకల్ పుస్తకం 'మ్యాన్స్ సెర్చ్ ఫర్ మీనింగ్'ను చూపించి ఒక వ్యాసంలో రాశారు. ఈ మాట నేను ఒప్పుకోలేను. ఫ్రాంకల్ ఆష్విట్జ్‌తో కలిపి నాలుగు నాజీ శిబిరాల్లో నరకం చూసిన మనిషి. 1945లో బయటపడి, 1946లో ఆ పుస్తకం తెచ్చాడు. అంత అనుభవించి కూడా, జీవితానికి అర్థం దొరకాలంటే బాధపడి తీరాలని ఆయన అనలేదు. తప్పించుకోగలిగిన బాధైతే ముందు దాని కారణాన్నే తీసేయాలని, అనవసరంగా భరించడం వీరత్వం కాదని స్పష్టంగా రాశాడు. తప్పించుకోలేని బాధ గురించే ఆయన మాట్లాడింది. ఈ తేడా వదిలేస్తే పుస్తకం అర్థమే మారిపోతుంది. నేను ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా నాన్నకు పక్షవాతం వచ్చింది. నేను చదువు పూర్తి చేశాను. తమ్ముడు పదో తరగతి మధ్యలో ఆపేసి సెంట్రింగ్ పనికి వెళ్లాడు. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే కష్టం. కాకపోతే ఫీజు కట్టాల్సిన రోజు మా పెద్దమ్మ కొంగు ముడి విప్పి, చెమటకు తడిసిన నోట్లు నా చేతిలో పెట్టింది. ఇద్దరికీ సరిపడా ఆవిడ దగ్గర లేవు. ఇప్పుడు చుట్టాలు "కష్టాలే నిన్ను రాటుదేల్చాయిరా" అంటుంటే, పక్కన కూర్చున్న తమ్ముడి అరచేతుల్లో కాయలు కనిపిస్తాయి. వాడు నాకంటే తెలివైనవాడు, పెద్ద పెద్ద లెక్కలు కాగితం లేకుండా చేసేవాడు.