బరువు కావలెను

ఒడిశా బోర్డర్లోని పర్లాకిమిడిలో మా బావ బండి మీద లిఫ్టు దొరకడం కన్నా గుణుపూర్ రైల్లో కిటికీ సీటు దొరకడం సులువు. ఎవరైనా చెయ్యెత్తితే చాలు, "బండిలో ఏదో సౌండొస్తోంది, ఇద్దరెక్కితే ఆగిపోద్ది" అనేవాడు. మా అక్క ఎక్కబోయినా ఆ సౌండు వచ్చేది.

పూర్తిగా అబద్ధమూ కాదు. వెనక షాకబ్జార్బర్లలో ఆయిల్ ఎప్పుడో కారిపోయింది. గుంతలో పడిన దెబ్బని స్ప్రింగు మింగుతుంది, మింగిందాన్ని వెంటనే కక్కకుండా ఆపేది ఆ ఆయిలే. అది లేకపోయేసరికి ఆర్.ఉదయగిరి ఘాట్ రోడ్డులో ఒక గుంత దాటితే తర్వాతి మలుపు దాకా బండి ఊగుతూనే ఉండేది.

పోనీ ఆ బండికి సరిపోయేవే కొన్నాడా? పసుపు స్ప్రింగులు, పక్కన చిన్న సిలిండర్లు ఉన్న గ్యాస్ రకం తెప్పించాడు. పెద్ద బండి కోసం చేసినవి, డిస్కౌంటులో ఉన్నాయి, ఇంకేం కావాలి! "లోపల నైట్రోజన్ రా" అని వీధంతా చెప్పాడు. నైట్రోజన్ పని ఆయిల్ నురగెత్తకుండా అదిమి పట్టడం. బావ మాత్రం అది బండిని గాల్లో తేలుస్తుందనే నమ్మాడు.

మెకానిక్ పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి, పై బోల్టు రంధ్రం నుంచి కింది రంధ్రం దాకా కొలిచాడు. "అంగుళంన్నర పొడుగుంది బాబూ. హెబొ నాహీ, కుదరదు."

"ఏటి, ఎత్తు పెరిగితే మంచిదే కదా? బిగించు."

బిగించాడు. సైడ్ స్టాండు పొట్టిదైపోయి బండి పక్కింటి గోడ మీదకి వాలిపోయింది, దాని కింద ఇటుక పెట్టాల్సొచ్చింది. సెంటర్ స్టాండు వేసినా గాల్లో ఉండాల్సిన వెనక చక్రం నేల మీదే ఉంది. మా అత్తయ్యయితే అరుగు మీద నుంచి తప్ప ఎక్కలేనంది.

అసలు కష్టం స్ప్రింగుతో వచ్చింది. మనిషి ఎక్కి కూర్చుంటే అది దిగగలిగే దూరంలో మూడో వంతు దాకా దిగాలి. మా బావ బక్కపలచటి మనిషి, ఆయన ఎక్కినట్టు దానికి తెలియనే లేదు. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గర బండి, బావ, టిఫిన్ క్యారియర్ మూడూ లేచాయి. బండీ బావా కిందికొచ్చారు. క్యారియర్‌లోని సాంబారు ఆ తర్వాత వచ్చింది.

మెకానిక్ స్పానర్‌తో స్ప్రింగు కింది రింగుని చివరి మెట్టు దాకా వదులు చేశాడు. "ఇది తిప్పితే బండి ఎత్తు మారుద్ది గానీ స్ప్రింగు మెత్తబడదు. దీనికి మందొకటే బాబూ, వెనకాల ఎనభై కిలోల మనిషి."

ఆ మర్నాటి నుంచి పర్లాకిమిడి బస్టాండు ముందు మా బావ బండి ఆపుకుని, బోర్డర్ అవతల ఆంధ్రాలోని పాతపట్నం వైపు ఎవరైనా వస్తారా అని అడగడం మొదలైంది. కాలేజీ కుర్రాడొకడు ఆశగా చెయ్యెత్తాడు. బావ వాణ్ని కిందా మీదా చూసి, "నువ్వు చాలవు నాయనా" అని ముందుకి పోనిచ్చాడు. ఇసుక బస్తా కట్టుకోవచ్చుగా అన్నాను. ఒడిశా ఇసుక ఆంధ్రాకి ఎందుకు పట్టుకెళ్తున్నావని బోర్డర్‌లో ఆపితే ఏం చెప్పాలన్నాడు. అదీ నిజమే.

చివరికి పాతపట్నంలో ఒక వంట మేస్త్రి దొరికారు. భారీ మనిషి. ఆయన వెనక కూర్చుంటే స్ప్రింగు మర్యాదగా దిగింది, బండి నున్నగా పోయింది. రోజూ పొద్దున్నే ఆయన గుమ్మం ముందు బావ హారన్! ఆయన ఏకాదశి ఉపవాసం ఉంటే ఈయనకి టెన్షన్.

మొన్న ఆ మేస్త్రిగారు పిడుగులాంటి మాట చెప్పారు. మోకాళ్ల నొప్పులకి డాక్టరు బరువు తగ్గమన్నాడట, రేపట్నుంచి నడిచే వెళ్తారట. బావ మారు మాట్లాడకుండా ఆయన్ని హోటల్లోకి తీసుకెళ్లి రెండు ప్లేట్ల పూరీ చెప్పాడు. రెండూ ఆయనకే. బిల్లు కూడా బావే కట్టాడట. మిగతాదంతా నమ్మింది గానీ, ఆ బిల్లు సంగతి మాత్రం మా అక్క నమ్మడం లేదు.