పాఠం చెబుతూ పట్టుబడిన పంతుళ్లు

ప్రభుత్వ పాఠశాలల్లో కొందరు ఉపాధ్యాయులు ఇప్పటికీ పనివేళల్లో దొంగచాటుగా పాఠాలు చెబుతున్నారన్న సమాచారం ఆందోళన కలిగిస్తోంది. దీనివల్ల యాప్‌లలోకి ఎన్ని ఫొటోలు ఎక్కకుండా, ఎన్ని నివేదికలు అందకుండా పోతున్నాయో ఉన్నతాధికారులు గమనించవలసి ఉంది.

తప్పు కొంత 2009 నాటి విద్యాహక్కు చట్టానిది. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప మరే బోధనేతర పనికీ ఉపాధ్యాయులను వాడరాదని దాని 27వ సెక్షన్ చెబుతుంది. అదృష్టవశాత్తు మన ప్రభుత్వాలు దానిని అంత సంకుచితంగా చదవలేదు. 2020 మేలో కరోనా లాక్‌డౌన్ సడలి మద్యం దుకాణాలు తిరిగి తెరుచుకున్నప్పుడు విశాఖ జిల్లాలో పంతుళ్లను క్యూల దగ్గర కాపలా పెట్టారు. ప్రార్థన వేళ పిల్లలను చేయి దూరంలో నిలబెట్టిన అనుభవం మరెవరికుంది? ఆ క్యూల్లో పూర్వ విద్యార్థులు ఎందరున్నారో రాసే గడిని ఏ ప్రొఫార్మాలోనూ పెట్టకపోవడం మాత్రం లోపమే. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం కుల సర్వే కోసం ప్రాథమిక పాఠశాలలను ఒంటిపూటకు కుదించి, పంతుళ్లను ఇంటింటికీ పంపింది.

అయితే ఈ విద్యలో ఆంధ్రప్రదేశ్‌ది అందెవేసిన చేయి. 2022 ఆగస్టులో ముఖ గుర్తింపు హాజరు వచ్చినప్పుడు ఫోన్ ఎవరిది, డేటా ఎవరిది అని సంఘాలు నిలదీశాయి. ముఖం పంతులుది అయినప్పుడు ఫోనూ ఆయనదే కావడం న్యాయం కాదా? ఆ రోజుల్లో ఒక ఏకోపాధ్యాయ పాఠశాలను ఊహించుకోండి: సిగ్నల్ కోసం ఆయన బోరింగు గట్టెక్కి తన ముఖం చూపించి, దిగి వచ్చి యాప్‌కు మరుగుదొడ్డి ముఖం చూపించి, వంటగదిలో గుడ్ల లెక్క తేల్చేలోగా, లోపల ఐదో తరగతి పిల్ల ఒకటి నుంచి నాలుగు తరగతులకూ ఏడో ఎక్కం వల్లెవేయిస్తూ ఉంటుంది. ఏడెనిమిదులు యాభై నాలుగని ఆమె పలికినా సర్వర్ తిరస్కరించలేదు కనుక అది యాభై నాలుగే.

2024లో మరుగుదొడ్ల ఫొటోలను మాఫీ చేసి, మరుసటి ఏడాది యాప్‌లన్నిటినీ కలిపి లీప్ అనే ఒకే యాప్ చేశారు. పది మోపులను ఒక్క మోపుగా కడితే బరువు తగ్గుతుందని ఏ తరగతి సైన్సులో ఉందో తెలియదు గాని, ఆలోచన గంభీరమైనది.

కనుక డీఎస్సీలో బోధనా పద్ధతుల ప్రశ్నలు తీసేసి, ఆగిపోయిన సర్వర్ ముందు సహనం ఎలా వహించాలన్న అంశం చేర్చాలి. అయినా బోధించి తీరతామనే మొండివారు ముందుగా మండల విద్యాధికారికి దరఖాస్తు పెట్టుకుని, సుద్దముక్కతో సహా ఫొటో దిగి, రోజుకు ఒక్క పాఠం చెప్పుకోవచ్చు. బడికొక గుమస్తాను ఇమ్మన్న కోరికను మాత్రం ఏ ప్రభుత్వమూ ఒప్పుకోరాదు. ఆ పనులన్నీ ఆయన చేసేస్తే పంతులు తరగతిలోకి జారుకునే ప్రమాదం ఉంది.