స్టిక్కర్ మీద 500 అని ఉంటే చాలదు

గేమ్ ఆడుతుంటే పీసీ ఆగిపోతోందని గ్రూపులో ఎవరు పెట్టినా, గంటలోపు ఒక ఫార్వర్డ్ వచ్చి పడుతోంది. దాని సారాంశం ఇదీ: ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటుని పీసీ భాగాలకి కావలసిన చిన్న వోల్టేజ్‌లుగా మార్చి ఇచ్చే డబ్బా, అంటే పవర్ సప్లై) మార్చడానికి వేలు తగలేయొద్దు. గ్రాఫిక్స్ కార్డుకీ ప్రాసెసర్‌కీ కావలసిన వాట్లు కూడి, అంత అంకె స్టిక్కర్ మీద ఉన్నది కొనండి. గోల్డ్ ముద్ర ఉంటే కళ్లు మూసుకుని తీసుకోండి. కార్డు కంపెనీలు పెద్ద అంకె చెప్పేది అమ్మకాల కోసమే. పెద్దది కొంటే కరెంటు బిల్లు పెరుగుతుంది. పాత కేబుళ్లు అలాగే ఉంచి డబ్బా ఒక్కటే మార్చండి. పాతది పోయిందో లేదో జెమ్ క్లిప్‌తో తేల్చుకోండి.

మా మేనల్లుడు దీన్నే నాకు పంపి, "మామయ్యా, 1,200లో అయిపోతుందట" అన్నాడు. షాపువాళ్లు అవసరం లేనివాళ్లకి కూడా 1000 వాట్లు అంటగడతారన్న కోపం ఈ మెసేజ్ వెనక ఉంది, అందులో న్యాయం లేకపోలేదు. మిగతాదే చిక్కు.

ముందు వాట్ల సంగతి. వాడిది ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు. డెస్క్‌టాప్ మీద బాగానే ఉంటుంది, వీడియోలు నడుస్తాయి. గేమ్ మొదలెట్టిన పది నిమిషాలకి కరెంటు పోయినట్టు టప్పున ఆరిపోతుంది. కేబినెట్ పక్క పలక తీయించి, స్టిక్కర్ ఫొటో పంపమన్నాను. పైన పెద్ద అక్షరాల్లో 500. కింద చిన్న పట్టీలో 3.3 వోల్ట్ దగ్గర 20 ఆంప్స్, 5 వోల్ట్ దగ్గర 20, 12 వోల్ట్ దగ్గర 18. వోల్ట్‌ని ఆంప్స్‌తో గుణిస్తే వాట్లు. 66, 100, 216. స్టాండ్‌బై లైను లాంటి చిల్లర కూడా కలిపితే 396. కంపెనీ తానే వేసుకున్న లెక్కలో కూడా 500 రాలేదు!

అయినా అసలు చూడాల్సింది ఆ మొత్తాన్ని కాదు. గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ రెండూ తమకి కావలసినదాన్ని దాదాపు అంతా 12 వోల్ట్ నుంచే లాక్కుంటాయి. కార్డుకి 170, ప్రాసెసర్ జోరు మీద ఉన్నప్పుడు 117, కలిపి 287. ఇక్కడ ఉన్నది 216. ఆగిపోక ఏం చేస్తుంది పాపం. మంచి కంపెనీల 550 వాట్ల మోడళ్లు చూడండి, 12 వోల్ట్ దగ్గర 45 ఆంప్స్ అటూఇటూ ఉంటుంది. అంటే రాసిన వాట్లు దాదాపు మొత్తం అక్కడే దొరుకుతాయి.

మరి 287 చాలినప్పుడు 3060కి దాని కంపెనీ ఎన్విడియా 550 వాట్ల సప్లై ఎందుకు చెబుతుంది? అమ్మకాల కోసమే అంటుంది ఫార్వర్డ్. కొంత భాగం తక్కువ రకం సప్లైలని దృష్టిలో పెట్టుకుని చెప్పేదే, ఒప్పుకుంటాను. కానీ కార్డు వాడకం ఒకే గీత మీద నడవదు. కన్నుమూసి తెరిచేలోపు ఎన్నోసార్లు ఎగిసి పడుతుంది. పెద్ద కార్డుల్లో ఆ ఎగుడు మరీ ఎక్కువ. అందుకే 2022లో ఇంటెల్ ఇచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం, గ్రాఫిక్స్ కార్డుకి కరెంటు ఇచ్చే, అప్పట్లో కొత్తదైన 12వీహెచ్‌పీడబ్ల్యూఆర్ కనెక్టర్ ఉన్న 450 వాట్లు దాటిన సప్లైలు సెకనులో పదివేలో వంతు సేపు రెట్టింపు లోడ్‌ని తట్టుకోవాలంది. కూడికలో వచ్చిన అంకెకి సరిగ్గా సరిపడేది కొనడమంటే, నలుగురున్న ఇంటికి నాలుగు గరిటెల అన్నం లెక్కపెట్టి వండడమే.

గోల్డ్ ముద్ర. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడుతున్నారు. అది 80 ప్లస్ అనే పరీక్షలో ఇచ్చే ఒక మెట్టు. 80 ప్లస్ కొలిచేది సామర్థ్యాన్ని, అంటే గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత లోపలికి చేరుతోంది, ఎంత వేడిగా పోతోంది అన్నది. 230 వోల్ట్‌ల దగ్గర గోల్డ్ అంటే సగం లోడ్‌లో 92 శాతం. వోల్టేజ్ ఎంత నిలకడగా ఉంటుంది, షార్ట్ అయితే టక్కున ఆపేస్తుందా, ఎండాకాలం వేడికి ఎన్నాళ్లు ఉంటుంది, ఇవేవీ ఆ ముద్ర చెప్పదు. గిగాబైట్ కంపెనీ పీ750జీఎం సప్లై గోల్డ్ ముద్ర ఉన్నదే. సమీక్షకుల పరీక్షల్లో అది పేలడంతో పెద్ద గొడవైంది. 2021 ఆగస్టులో కంపెనీ పవర్ కట్‌ఆఫ్ హద్దుని (రాసిన వాట్లలో ఎంత శాతం లోడ్ దాటితే సప్లై తనంతట తానే ఆగిపోవాలో ఆ హద్దు) 120–150 శాతం నుంచి 110–120కి తగ్గించామని చెప్పి, కొన్ని సీరియల్ నంబర్ల వాళ్లకి మార్చి ఇస్తామంది. ముద్ర అబద్ధం కాదు. దాన్ని అడగాల్సిన ప్రశ్న వేరు. ఇక ఏ పరీక్షకీ వెళ్లకుండా ముద్ర మాత్రం అచ్చేసుకునే డబ్బాలూ ఉన్నాయి. 80 ప్లస్ జాబితాలో మోడల్ పేరు వెతికితే తేలిపోతుంది.

బిల్లు భయం రెండు ముక్కల్లో తేలేదే. 750 వాట్ల సప్లై 750 లాగదు, పీసీ అడిగినంతే లాగుతుంది. 300 వాట్ల లోడ్‌కి 85 శాతం సామర్థ్యం ఉన్నది గోడ నుంచి 353 తీసుకుంటే, 92 శాతం ఉన్నది 326 తీసుకుంటుంది. రోజూ నాలుగు గంటలు ఆడినా నెలకి మూడు యూనిట్ల పైచిలుకు తేడా. యూనిట్ 8 రూపాయలు వేసుకున్నా 26 రూపాయలు. టీ ఖర్చు.

పాత కేబుళ్ల సలహా మాత్రం ప్రమాదం. మాడ్యులర్ సప్లైలలో, అంటే కేబుళ్లు డబ్బా నుంచి ఊడదీసే వీలున్నవాటిలో, కేబుల్ రెండో కొస, అంటే డబ్బాలోకి దూరే వైపు, ఏ పిన్‌లో ఏ వోల్టేజ్ ఉండాలో ప్రమాణం లేదు. హార్డ్‌డిస్క్ వైపు ప్లగ్ అందరిదీ ఒకటే, డబ్బా వైపు ఎవరిష్టం వాళ్లది. ఆరు పిన్‌ల ప్లగ్ ఇంకో కంపెనీ సాకెట్‌లో చక్కగా, క్లిక్‌మని కూర్చుంటుంది కూడా. 5 వోల్ట్ రావలసిన చోట 12 వస్తే ఎస్‌ఎస్‌డీ అక్కడికక్కడే పోతుంది, అందులో ఉన్న ఫొటోలతో సహా. ఒకే కంపెనీలో సిరీస్ మారినా పిన్‌లు మారవచ్చు. కొత్త డబ్బాతో వచ్చిన కేబుళ్లే వాడాలి, ఎంత విసుగైనా సరే.

సెకండ్ హ్యాండ్‌లో ఆఫీసు పీసీ కొని గేమింగ్‌కి మార్చుకునేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. డెల్ ఆప్టిప్లెక్స్‌లలో చాలా మోడళ్ల బోర్డుకి సప్లై ప్రధాన ప్లగ్ దూరే మామూలు 24 పిన్‌ల సాకెట్ ఉండదు, కాబట్టి మామూలు సప్లై కొంటే నేరుగా తగలదు.

చివరిది జెమ్ క్లిప్. 24 పిన్‌ల ప్లగ్‌లో ఆకుపచ్చ వైరునీ నల్ల వైరునీ కలిపితే ఫ్యాన్ తిరుగుతుంది, కాబట్టి సప్లై బాగుంది అంటారు. బండిని స్టాండ్ మీద స్టార్ట్ చేసి చూసి, ఘాట్ ఎక్కేస్తుంది అనుకోవడమే ఇది. మేనల్లుడూ చేశాడు, ఫ్యాన్ చక్కగా తిరుగుతున్న వీడియో కూడా పంపాడు. ఆ ఫ్యాన్‌కి రెండు మూడు వాట్లు చాలు. గేమ్‌లో ఆగిపోయేది ఆ డబ్బాయే. దీనికి తిరగేసిన తప్పూ ఉంది: లోడ్ తక్కువగా ఉన్నప్పుడు ఫ్యాన్ ఆపేసే మంచి సప్లైలు క్లిప్ పెట్టినా తిరగవు, బాగున్నదాన్ని పోయిందని పారేస్తారు. పోనీ విప్పి చూద్దామంటారా, ప్లగ్ పీకేసిన తర్వాత కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో కొంతసేపు వందల వోల్ట్‌లు నిలిచి ఉంటాయి. ఆ నాలుగు స్క్రూల జోలికి వెళ్లొద్దు.