మహారాజశ్రీ గ్రాఫిక్స్ కార్డు గారికి

మహారాజశ్రీ గ్రాఫిక్స్ కార్డు గారి దివ్యసముఖానికి నమస్కరించి రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి. తమరు క్షేమమేనని తెలుస్తూనే ఉంది. మూడు ఫ్యాన్లూ తిరుగుతున్నాయి, ఒంటినిండా రంగు దీపాలు వెలుగుతున్నాయి. కేబినెట్ మూత బిగించేశాక ఆ దీపాలు ఎవరు చూడాలని వెలుగుతున్నాయో నాకింకా అంతుపట్టలేదు. పెద్దవారు, అడగకూడదు.

నా క్షేమం ఎలా ఉందో ఇవాళ పొద్దున మా ప్రదర్శన హాల్లో అందరూ చూశారు. కంప్యూటర్‌లోంచి తమరు పంపే బొమ్మలతో మూడు టీవీల మీద ఒకే నది పారాలి. ఎడమ టీవీలో కొండల్లో పుట్టి, మధ్య టీవీలో పొలాలు దాటి, కుడి టీవీలో సముద్రంలో కలవాలి. తలుపులు తెరిచేసరికి కొండలు లేవు. పొలాలు వచ్చి ఎడమ టీవీలో కూర్చున్నాయి. మధ్యలో నా డెస్క్‌టాప్! దాని మీద 'ఫైనల్', 'అసలు ఫైనల్', 'ఇదే ఫైనల్' అని మూడు ఫోల్డర్లు, ఒక్కోటి అరచేయంత. ఒక పిల్లవాడు నదిని వదిలేసి వాటినే చదువుతున్నాడు. పైకి, బిగ్గరగా.

ఇంతకీ జరిగిందేమిటయ్యా అంటే, దుమ్ము తుడవడానికి మధ్య టీవీని ఓ ఐదు నిమిషాలు ఆపారు. అంతే.

తమరిని ఎంచుకున్న పాపం నాదేననుకోండి. ఏ గేములో సెకనుకు ఎన్ని ఫ్రేములు లాగుతారో చూసి మురిసిపోయాను. నా నది పారేదే సెకనుకు అరవై ఫ్రేములు. పిల్లను చూడమంటే నగలు చూసొచ్చినట్టయింది. తమరు రాగానే మదర్‌బోర్డు మీద పక్క స్లాటు కూడా తమ ఒళ్లే కప్పేసింది. మదర్‌బోర్డు స్లాటు ఇచ్చే 75 వాట్లు ఆనవు, ఇంకో ఎనిమిది పిన్నుల కేబుల్ కావాలన్నారు. సరే, పవర్ సప్లై మార్చాం. తమకేమో మూడు డిస్‌ప్లేపోర్టులు, ఒక హెచ్‌డీఎంఐ. టీవీలకేమో హెచ్‌డీఎంఐ తప్ప మరోటి లేదు. కన్వర్టర్లు తెస్తే అవి పాతకాలం హెచ్‌డీఎంఐ 1.4 రకం, 4కేలో 30 హెర్ట్జ్, అంటే సెకనుకు ముప్పై ఫ్రేములు దాటలేదు. నది నత్తి నత్తిగా పారింది. అవీ మార్చాం. అర్ధరాత్రి తనంతట తానే తమరిని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మారిపోయి, తెల్లారేసరికి తెరల వరుస తారుమారైన సంగతి ఎత్తను. అన్నీ మింగాను.

కానీ ఈ మతిమరుపు ఒక్కటీ మింగుడు పడటం లేదు.

టీవీ తన గురించి తాను కార్డుకు చెప్పుకునే చీటీని ఈడీఐడీ అంటారు. నా పేరు ఇది, నా రిజల్యూషన్లు ఇవి అని. అందులో మొదటి ముక్క ఎంతో తెలుసా? 128 బైట్లు. ఈ ఉత్తరంలో తమ బిరుదులతో రాసిన మొదటి వాక్యం కూడా అందులో పట్టదు. తమకున్న మెమరీ 8 జీబీ. ఎనిమిది జీబీలు పెట్టుకుని, నెలరోజులుగా ఎదురుగా ఉన్న టీవీ ఎవరో ఐదు నిమిషాల్లో మర్చిపోతావా?

అవును, 'నువ్వు' అనే అంటున్నాను. హెచ్‌డీఎంఐలో టీవీ ఉందో లేదో చెప్పే పంతొమ్మిదో పిన్ను మీద వోల్టేజి కాస్త పడిపోతే చాలు, టీవీ పోయిందని తీర్మానించేస్తావు. అది కునుకు తీసిందిరా బాబూ! కునుకు తీస్తే పాడె కట్టేస్తావా? దాని విండోని పక్క టీవీ నెత్తిన పడేస్తావా? పోనీ, టీవీ లేచాకైనా దాని సామాను దానికి తిరిగివ్వవు. 1024x768 రిజల్యూషన్ అని ఓ చిరుగుల చొక్కా తొడిగి నిలబెడతావు.

నీకన్నా ముందు ఇక్కడొకటి ఉండేది. ఫ్యాన్ లేదు, దీపాల్లేవు, ఒక్క స్లాటులో ఒద్దికగా సర్దుకునేది. ఐదేళ్లు నోరెత్తలేదు. 4కే రాదని తీసి అట్టపెట్టెలో పడేశాను. ఆ ఉసురే తగిలినట్టుంది. క్వాడ్రో లాంటి వర్క్‌స్టేషన్ కార్డయితే ఆ చీటీని ఫైలుగా దాచుకోవచ్చు, మొజాయిక్ పెట్టి మూడు టీవీలనూ ఒకే తెరగా కట్టేయొచ్చు. ఆ బుద్ధి కొనేముందు ఉండాల్సింది.

చివరికి బొటనవేలంత ఈడీఐడీ ఎమ్యులేటర్లు మూడు తెచ్చి, స్టూలెక్కి, నీ పోర్టులకూ కేబుళ్లకూ మధ్య గుచ్చాను. టీవీ ఉన్నా లేకున్నా "ఉన్నాను, ఉన్నాను" అని నీకు అబద్ధం చెబుతూ ఉండటమే వాటి పని. నువ్వు ఇట్టే నమ్మేశావు.

సాయంత్రం అందరూ వెళ్లాక మూడు టీవీలూ ఆపేశాను. తలుపు వేయబోతూ కేబినెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. నల్లగా ఆరిపోయిన తెరల్లోకి నువ్వింకా నదిని పంపిస్తూనే ఉన్నావు, కొండల దగ్గర్నుంచి సముద్రం దాకా, వరుస తప్పకుండా.

ఇట్లు,
ఇప్పుడే స్టూలు దిగిన తమ విధేయుడు

తా.క.: ఆ రంగు దీపాలు ఆర్పే ఉపాయం సెలవివ్వగలరు.