బావగారూ, ఆ భూకంపం ఫార్వర్డ్ ఇక చాలు

నాలుగు రోజుల్లో అయిదోసారి. మొదట మా బావగారు పంపారు, తర్వాత ఆఫీసు గ్రూపులో వచ్చింది, ఇవాళ పొద్దున మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ తెలుగు గ్రూపులో. "బెంగళూరు రాతి మీద ఉంది, జోన్ 2, భూకంపం రాదు. విపత్తు నిర్వహణకు తగలేసే డబ్బుతో రోడ్లు, మెట్రో వేయండి. వచ్చాక చూసుకోవచ్చు. సర్కారు కట్టిచ్చే ఊళ్లు ఎలాగూ పనికిరావు." కింద బోనస్‌గా చిట్కాలు: కుక్కలు మొరిగితే బయటికి పరుగెత్తండి, బల్ల కింద దూరకండి, మంచం పక్కన పడుకోండి.

మా వీధి కుక్కలు రోజూ రాత్రి రెండింటికి మొరుగుతాయి. మంచం చిట్కా తప్పు. బల్ల కింద దూరి దాని కాలు పట్టుకోండి.

ఇక రాయి. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున, వినాయక నిమజ్జనం చేసొచ్చి పడుకున్న కిల్లారి (మహారాష్ట్ర, లాతూరు జిల్లా) జనం కింద ఉన్నదీ దక్కను రాయే. దేశాన్ని భూకంప ప్రమాదాన్ని బట్టి జోన్లుగా విడగొట్టిన అప్పటి మ్యాపులో ఆ ఊరు జోన్ 1, అంటే అన్నిటికన్నా భద్రం. వచ్చింది 6.2 తీవ్రత భూకంపం. మట్టితో పేర్చిన లావుపాటి రాతిగోడలు, పైన మట్టి మిద్దెలు. వేలమంది పోయారు. 2002లో ఆ జోన్ 1ని ఎత్తేసి 2లో కలిపారు. మన గొప్ప జోన్ 2 అదీ.

"వచ్చాక చూసుకోవచ్చు" అన్న మాటకే నాకు ఒళ్లు మండేది. 2001 గుజరాత్ భూకంపంలో భుజ్ సివిల్ ఆసుపత్రే కూలింది. ఏం చూసుకుంటారు, ఎక్కడ? 200 కిలోమీటర్లకు పైగా దూరంలోని అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు పడ్డాయి. చాలావాటికి కింద గోడల్లేని పార్కింగ్, మనకున్నట్టే. అవీ అభివృద్ధే కదా! మా పక్క థర్టీ ఫార్టీ సైటులో అయిదంతస్తులు లేస్తోంది. మొన్న కాఫీ గ్లాసు పట్టుకుని చూస్తే, పిల్లర్ కడ్డీల చుట్టూ కట్టే ఇనుప రింగుల కొనలు లోపలికి 135 డిగ్రీలు వంచకుండా 90 దగ్గర ఆపేశారు. బిల్డింగు గట్టిగా ఊగితే ముందు విచ్చుకునేవి ఆ కొనలే. పూర్తిగా వంచడానికి రింగుకి నాలుగు వేళ్ల ఇనుము ఎక్కువ పడుతుందేమో. అడిగితే మేస్త్రీ, "ఇక్కడ భూకంపం రాదు సార్" అన్నాడు. ఫార్వర్డ్ ఆయనకీ చేరినట్టుంది.

సర్కారు ఊళ్ల సంగతి మాత్రం ఒప్పుకుంటాను. లాతూరు వైపు కాంట్రాక్టర్లు స్కేలు పెట్టి గీసినట్టు కట్టిన కాలనీల్లో చాలామంది రైతులు ఇమడలేకపోయారు. అది చూసే గుజరాత్‌లో డబ్బు విడతలుగా ఇంటివాళ్ల చేతికే ఇచ్చి, ఇంజనీర్లతో తనిఖీ చేయించి, ఎవరిల్లు వాళ్లనే కట్టుకోమన్నారు. ఆ పని నడిపిన రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ 2001లో పుట్టింది, దేశానికంతటికీ విపత్తు నిర్వహణ చట్టం 2005లో వచ్చింది. మీరు దండగంటున్నది వాటినే బావగారూ.