ప్రశ్నోత్తరాల సమయం గారికి ఒక ఫిర్యాదు

మహారాజశ్రీ ప్రశ్నోత్తరాల సమయం గారికి,

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే చెయ్యి రావడం లేదు. తమరి పరిస్థితి ఈ సాయంత్రం సదస్సులో కళ్లారా చూసే వచ్చాను. నాలుగున్నర నుంచి నాలుగూ నలభై అయిదు దాకా తమరు వేంచేస్తారని అజెండాలో బోల్డ్ అక్షరాల్లో అచ్చేశారు. నాలుగూ నలభై మూడుకి మోడరేటర్ గారు వాచీ చూసుకుని, "సమయాభావం వల్ల ఒకే ఒక్క ప్రశ్న తీసుకుందాం" అన్నారు. మైకు ఎవరి చేతికి వెళ్లిందో వేరే చెప్పాలా? "నాది ప్రశ్న కాదండీ, చిన్న కామెంట్" అంటూ లేచిన పెద్దమనిషికి. ఆయన తన కంపెనీ పుట్టుపూర్వోత్తరాలు ముగించేసరికి తమరు స్వర్గస్థులయ్యారు.

మిమ్మల్ని ఎవరెవరు మింగారో తెలియనిదేం కాదు. వక్తను పరిచయం చేసే ఆయన్ని పరిచయం చెయ్యడానికి ఇంకొకరు వచ్చారు. బ్రోషర్‌లో అచ్చయి అందరి ఒళ్లోనూ ఉన్న బయోడేటానే మళ్లీ చాంతాడంత చదివారు. స్పాన్సర్ గారి "రెండు నిమిషాల" గురించి మాట్లాడకపోవడమే మర్యాద. ప్యానెల్‌లో కూర్చున్న అయిదుగురూ "ముందు మాట్లాడినవారితో పూర్తిగా ఏకీభవిస్తూ" అనే అందుకున్నారు. అంతగా ఏకీభవించేవాళ్లయితే ఒకరు చాలుగా, మిగతా నలుగురికీ కుర్చీలెందుకు? ఏసీ చలి గురించి, ఎప్పుడు చూసినా తిరగబడి ఉండే మెడలోని బ్యాడ్జి గురించి ఇంకో ఉత్తరం రాస్తాను.

ఇవన్నీ భరించగలను. భరించలేనిది ఆ గ్రాఫు.

ధర పెంచి కూడా కస్టమర్లను ఎలా నిలబెట్టుకున్నారో చెబుతూ ముఖ్య వక్త గారు దాన్ని తెర మీద వేశారు. నీలం గీత ఎడమవైపు కింది మూలలో బయల్దేరి కుడివైపు పై మూలకు ఎగబాకింది. పక్కన అంకెల్లేవు. కింద నెలల్లేవు, సంవత్సరాల్లేవు. సున్నా ఎక్కడుందో దేవుడికే ఎరుక. హాలంతా ఫోన్లెత్తి ఫొటోలు తీసుకుంది. నేను అడగాల్సింది చిన్న ప్రశ్న: ధర పెంచాక మొదటి మూడు నెలల్లో ఎంతమంది వెళ్లిపోయారు, వాళ్లలో ఎంతమంది తిరిగొచ్చారు? మా ఆఫీసులో వచ్చే నెల అదే నిర్ణయం తీసుకోవాలి. రిజిస్ట్రేషన్ ఫీజు కట్టిందే ఆ జవాబు కోసం. ఉపన్యాసం వీడియో ఎలాగూ పెడతారు, స్లైడ్లు మెయిల్లో పంపిస్తారు. ఇంట్లో కూర్చుంటే దొరకనిది రిహార్సల్ చెయ్యని జవాబు. "అక్కడ మాత్రం గట్టి దెబ్బ తిన్నామండీ" అని వక్త నోరు జారే ఆ అర నిమిషం. దానికోసమే జనం సెలవు పెట్టి, ప్రయాణం చేసి వస్తారు. అది తమరి దగ్గర తప్ప దొరకదు.

టీ విరామంలో అడుక్కోవచ్చుగా అంటారేమో. మీ తమ్ముడంటే నాకూ అభిమానమే. హారిసన్ ఓవెన్ అనే అమెరికన్ ఏడాదిపాటు కష్టపడి 1983లో ఓ సదస్సు జరిపిస్తే, అన్నిటికన్నా కాఫీ విరామాలే బాగున్నాయన్నారట వచ్చినవాళ్లు. ఆయన అలగలేదు. 1985లో ముందస్తు అజెండా లేకుండానే సమావేశం పెట్టాడు. వచ్చినవాళ్లే విషయాలు రాసి గోడకు అంటిస్తారు, నచ్చిన గుంపులో కూర్చుంటారు, ఉపయోగం లేదనిపిస్తే లేచి పక్క గుంపులోకి వెళ్లిపోతారు. ఇవాళ ఆ నియమం ఉండి ఉంటే ప్యానెల్ అయిదుగురూ ఒకళ్లనొకళ్లు మెచ్చుకుంటూ మిగిలిపోయేవారు.

కానీ తమ్ముడొక్కడి వల్లా అయ్యే పని కాదిది. కొలంబియా యూనివర్సిటీకి చెందిన పాల్ ఇంగ్రామ్, మైకేల్ మోరిస్ ఒక పార్టీలో దాదాపు వందమంది వ్యాపార రంగం వాళ్లకు ఎలక్ట్రానిక్ బ్యాడ్జిలు తగిలించి చూశారు. ఫలితం 2007లో అచ్చయింది. కొత్తవాళ్లను కలవాలని ఉందని ముందు చెప్పినవాళ్లే, తీరా అక్కడికెళ్లాక ఎక్కువగా పాత పరిచయస్తులతోనే మాట్లాడారు. మనమూ అంతేగా, కప్పు పట్టుకుని మన ఆఫీసువాళ్ల పక్కకే చేరతాం. అదే హాల్లో ఎవరైనా లేచి సూటిగా ఒక ప్రశ్న వేస్తే చూడండి. అదే తలనొప్పి పడుతున్నవాళ్లు టీ దగ్గర ఆ మనిషిని వెతుక్కుంటూ వస్తారు. "మేమూ పెంచామండీ, మాకు ఇలా అయింది" అంటారు. కట్టలకొద్దీ విజిటింగ్ కార్డులు పంచినా రాని పరిచయం అది. మీ గొంతు నొక్కేస్తే తమ్ముడికీ పని లేకుండా పోతుంది.

సమయం లేదట! టోక్యోలో ఇద్దరు ఆర్కిటెక్టులు 2003లో పెచా కుచా అని మొదలుపెట్టారు. 20 స్లైడ్లు, ఒక్కోదానికి 20 సెకన్లు. స్లైడు దానంతటదే మారిపోతుంది, వక్త బతిమాలినా ఆగదు. 6 నిమిషాల 40 సెకన్లకు కథ కంచికి. ఇక్కడేమో గంట కొట్టాక కూడా "మిగిలిన స్లైడ్లు గబగబా చూసేద్దాం" అంటారు. ఆ గబగబా అంతా మీ వాటాలోంచే! ఎవరు ఆలస్యంగా వచ్చినా, ఎవరి లాప్‌టాప్ తెరకు కనెక్ట్ కాకపోయినా జరిమానా కట్టేది మీరే. ఏం, మీకు నోరు లేదా? రోషం లేదా? ఆఖర్న కూర్చోబెడితే కూర్చుంటారు, లేవమంటే లేచిపోతారు. మీ మెతకతనం వల్ల కదా మేమందరం నోళ్లు మూసుకుని చప్పట్లు కొట్టి వస్తున్నది!

చివరికి "మిగతావి ఆఫ్‌లైన్‌లో మాట్లాడుకుందాం" అన్నారు వక్త గారు. అని, ఫ్లైటుందంటూ పక్క తలుపులోంచి జారుకున్నారు. నేను పరిగెత్తి వెళ్లేసరికి లిఫ్టు మూసుకుంటోంది. ఆయన లోపలి నుంచి ఎంతో ఆప్యాయంగా చెయ్యి ఊపారు.

వచ్చేసారి సగం సమయం మీ పేర రాసి, ఉపన్యాసం కన్నా ముందు మిమ్మల్ని కూర్చోబెడితేనే నేను డబ్బు కట్టేది. లేదంటే ఆ వీడియో ఏదో ఇంట్లోనే, రెట్టింపు వేగంతో చూసుకుంటాను.

ఇట్లు,
జవాబు దొరకని ఒక డెలిగేట్

తా.క.: ఫీడ్‌బ్యాక్ ఫారం ఇప్పుడే వచ్చింది. మీకు అయిదుకి ఎన్ని స్టార్లో చెప్పాలట. సున్నా పెట్టే వీల్లేదు, నింపకపోతే సర్టిఫికెట్ రాదు. ఒక స్టారు ఇచ్చాను. అది ఆ లిఫ్టుకి. ఇవాళ టైముకి వచ్చింది అదొక్కటే.