లండన్ సెంట్రల్ లైన్ మోటార్లు మొరాయిస్తే హైదరాబాద్ ఎందుకు కలవరపడాలి?

లండన్ నగరాన్ని పడమటి కొస నుంచి తూర్పు పొలిమేరల దాకా కలుపుతూ 74 కిలోమీటర్లు సాగే మెట్రో మార్గం సెంట్రల్ లైన్ 2023 చివరి నుంచి నెలల తరబడి పడిన అవస్థ ఇప్పటికే అందరికీ తెలిసిందే. రైళ్లను నడిపే మోటార్లను బాగుచేసే వేగం కన్నా అవి చెడిపోయే వేగం ఎక్కువైంది. రద్దీ వేళ నడపాల్సినన్ని రైళ్లు డిపోల నుంచి బయటికి రాలేదు. చివరికి ఉన్న రైళ్లకు సరిపోయేలా సర్వీసులను తగ్గించి కొత్త టైంటేబుల్ ప్రకటించి, వీలైతే వేరే మార్గాల్లో వెళ్లమని ప్రయాణికులను కోరాల్సి వచ్చింది. ఇల్ఫర్డ్ పరిసరాల్లో స్థిరపడి గాంట్స్ హిల్, న్యూబరీ పార్క్ స్టేషన్ల నుంచి రోజూ ఉద్యోగాలకు వెళ్లే మన తెలుగువాళ్లకు కూడా ఈ కష్టం కొత్తగా చెప్పనక్కరలేదు. ఈ వైఫల్యాన్ని పాత యంత్రాల మీదికి నెట్టేసి చేతులు దులుపుకోవడం మాత్రం నాకు ఏమాత్రం సమ్మతం కాదు. యంత్రాలు పాతబడతాయని, ఎప్పుడు పాతబడతాయని ముందే తెలుసు. తెలిసీ వాటికి కేటాయించాల్సిన సొమ్మును పాతికేళ్లుగా ప్రతి ప్రభుత్వమూ తన తర్వాత వచ్చే ప్రభుత్వానికి వాయిదా వేసింది. ఈ సంక్షోభానికి అసలు కారణం అదే.

సెంట్రల్ లైన్ మీద తిరిగే రైళ్లను డెర్బీలోని కర్మాగారంలో ఏబీబీ సంస్థ తయారుచేసింది. 1993లో ప్రయాణికులను ఎక్కించుకోవడం మొదలుపెట్టిన ఈ రైళ్లు మొత్తం 85. ఒక్కో రైలుకు ఎనిమిది కోచ్‌లు, ప్రతి కోచ్‌కూ నాలుగేసి మోటార్లు, అంటే ఒక రైలుకు 32, మొత్తం మీద 2,700కు పైగా మోటార్లు. అవన్నీ డీసీ (ఒకే దిశలో పారే కరెంటుతో నడిచే) మోటార్లు. డీసీ మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందాలంటే కార్బన్ బ్రష్‌లు దాని మీది కమ్యుటేటర్ అనే రాగి వలయాన్ని నిరంతరం రాసుకుంటూ ఉండాలి. రాపిడికి బ్రష్‌లు అరుగుతాయి, ఆ పొడి లోపల పేరుకుంటుంది, తేమ తోడైతే నిప్పురవ్వలు లేచి మోటారు కాలిపోతుంది. బ్రష్‌ల అవసరమే లేని ఏసీ (దిశ మారుతూ పారే కరెంటుతో నడిచే) మోటార్లు ఈ రైళ్లు పట్టాలెక్కే నాటికే మెట్రో ప్రపంచంలోకి అడుగుపెడుతున్నాయి. పదేళ్ల తర్వాత మొదలైన ఢిల్లీ మెట్రో మొదటి రోజు నుంచే వాటితో నడిచింది. అలా ఒక తరం సాంకేతికత ముగిసిపోతున్న వేళ కొన్న రైళ్లు కాబట్టి, వాటి విడిభాగాలు దొరకడం ఏటికేడాది కష్టమవుతుందని ఊహించడానికి జ్యోతిషం అక్కర్లేదు.

పైగా ఈ మోటార్లు ఒకసారి భయంకరమైన హెచ్చరిక కూడా ఇచ్చాయి. 2003 జనవరి 25న ఛాన్సరీ లేన్ స్టేషన్ దగ్గర వందలాది మంది ప్రయాణిస్తున్న రైలు కింద నుంచి మోటారు ఊడి పట్టాల మీద పడింది. రైలు పట్టాలు తప్పి ముప్ఫై మందికి పైగా గాయపడ్డారు. ప్రాణనష్టం జరగకపోవడం అదృష్టమే. అవే రైళ్లు నడిచే వాటర్లూ అండ్ సిటీ లైన్‌తో పాటు సెంట్రల్ లైన్ మొత్తాన్ని మూసేసి, రైళ్లన్నింటిలో మార్పులు చేసి, పూర్తి స్థాయిలో తిరిగి తెరవడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. మోటార్లను కొత్త తరానికి మార్చే ప్రణాళిక ఆనాడే, రైళ్లకు పదేళ్ల వయసున్నప్పుడే వేసి ఉంటే ఈ వ్యాసం రాయాల్సిన అవసరం ఉండేది కాదు. కానీ డీసీ మోటార్లు తీసేసి ఏసీ మోటార్లు అమర్చిన మొదటి రైలు మళ్లీ ప్రయాణికుల ముందుకు వచ్చింది 2023 చివర్లో. మధ్యలో గడిచింది ఇరవై ఏళ్లు.

ఆ ఇరవై ఏళ్లలో ఏం జరిగిందో చూస్తే విషయం తేటతెల్లమవుతుంది. ప్రమాదం జరిగిన కొద్ది నెలలకే, 2003 ఏప్రిల్‌లో, సెంట్రల్ లైన్ నిర్వహణను ముప్ఫై ఏళ్ల ఒప్పందం మీద మెట్రోనెట్ అనే ప్రైవేటు కంపెనీల కూటమికి అప్పగించారు. గోర్డన్ బ్రౌన్ ఆర్థికమంత్రిగా పట్టుబట్టి నడిపించిన ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్య (పీపీపీ) పథకం అది. ముప్ఫై ఏళ్లు నిలవాల్సిన ఆ ఏర్పాటు 2007 జూలైకే దివాలా తీసింది. ప్రజాధనానికి కనీసం 17 కోట్ల పౌండ్ల నష్టం వాటిల్లిందని, అది 41 కోట్ల దాకా ఉండొచ్చని బ్రిటన్ జాతీయ ఆడిట్ కార్యాలయం లెక్కతేల్చింది. బాధ్యత తిరిగి ప్రభుత్వ సంస్థ ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ చేతికొచ్చింది. 2015లో కన్సర్వేటివ్ ప్రభుత్వం ఆ సంస్థకు ఏటా ఇచ్చే సుమారు 70 కోట్ల పౌండ్ల నిర్వహణ గ్రాంటును పూర్తిగా ఎత్తేయాలని నిర్ణయించింది. మరుసటి ఏడాది ఎన్నికైన లేబర్ మేయర్ సాదిక్ ఖాన్ నాలుగేళ్ల పాటు చార్జీలు పెంచనన్న హామీని నిలబెట్టుకున్నారు. ఒకరు గ్రాంటు ఆపారు, మరొకరు చార్జీలు ఆపారు. ఇద్దరికీ ఓట్లు వచ్చాయి. ఆ తర్వాత కోవిడ్ వచ్చి చార్జీల మీదే బతుకుతున్న సంస్థను నేలమట్టం చేసింది. అక్కడి నుంచి కొన్ని నెలలకొకసారి కేంద్రం దగ్గర చేయి చాచి తెచ్చుకునే అత్యవసర సాయంతోనే రైళ్లు నడిచాయి. ఆరు నెలల భరోసా మాత్రమే ఉన్న సంస్థ ఆరేళ్లు పట్టే మోటార్ల మార్పిడిని ఎలా వేగంగా నడిపించగలదు?

ఇక్కడ ఒక లెక్కను నిదానంగా చూడాలి. మెట్రో గురించి మాట్లాడే నాయకులెవరూ ఈ లెక్క చెప్పరు. ఒక రైలు ఒక కొస నుంచి బయలుదేరి రెండో కొసకు వెళ్లి తిరిగి రావడానికి 120 నిమిషాలు పడుతుందనుకుందాం. ప్రతి మూడు నిమిషాలకొక రైలు రావాలంటే పట్టాల మీద 40 రైళ్లు తిరగాలి. డిపోలో తనిఖీలకు, మరమ్మతులకు, భాగాలు విప్పి పూర్తిగా బాగుచేసే ఓవర్‌హాల్‌కు కేటాయించినవి వీటికి అదనం. ఇప్పుడు మోటార్లు చెడి ఎనిమిది రైళ్లు ఆగిపోయాయనుకుంటే మిగిలిన 32 రైళ్లతో పావు తక్కువ నాలుగు నిమిషాలకొక రైలు వస్తుంది. కాగితం మీద నలభై అయిదు సెకన్ల తేడా పెద్దదిగా కనిపించదు. ప్లాట్‌ఫాం మీద మాత్రం ప్రతి రైలుకూ నాలుగో వంతు ఎక్కువ మంది పోగవుతారు. వాళ్లు ఎక్కేసరికి తలుపులు మూయడం ఆలస్యమవుతుంది. ప్రతి స్టేషన్‌లో పది సెకన్లు పోయినా, 49 స్టేషన్లున్న లైన్‌లో ఒక రౌండుకు పది పదిహేను నిమిషాలు సులువుగా పెరుగుతాయి. రౌండు సమయం పెరిగితే అవే 32 రైళ్లు ఇంకా ఆలస్యంగా వస్తాయి. అంటే ఎనిమిది రైళ్లు ఆగితే ప్రయాణికుడు నష్టపోయేది ఎనిమిది రైళ్ల సేవ కాదు, అంతకన్నా చాలా ఎక్కువ.

అసలు ప్రమాదం ఆ తర్వాత మొదలవుతుంది. నడుస్తున్న రైళ్ల మీద రద్దీ పెరుగుతుంది, బరువు పెరుగుతుంది, డిపోలో నిలిపి తీరిగ్గా తనిఖీ చేసే వ్యవధి తగ్గుతుంది. ఇప్పటికే అలసిన మోటార్ల మీద ఒత్తిడి ఇంకా పెరిగి అవి మరింత త్వరగా చెడిపోతాయి. ఈ వలయం నుంచి బయటపడాలంటే మోటార్లన్నీ మార్చాలి. మార్చాలంటే ఒక్కో రైలును సర్వీసు నుంచి తప్పించి వారాల తరబడి వర్క్‌షాపులో పెట్టాలి. తప్పించడానికి అదనపు రైళ్లేవి? సుమారు 50 కోట్ల పౌండ్ల ఖర్చుతో సాగుతున్న సెంట్రల్ లైన్ ఆధునికీకరణ ఎదుర్కొన్న దుస్థితి సరిగ్గా ఇదే. రైళ్లు ఆరోగ్యంగా ఉన్నప్పుడు మొదలుపెట్టి ఉంటే ప్రయాణికుడికి తెలియకుండానే పూర్తయ్యే పని, రైళ్లు జబ్బుపడ్డాక మొదలుపెట్టడంతో జబ్బును మరింత ముదరబెట్టింది. ఇల్లు తగలబడుతుంటే బావి తవ్వడం అంటే ఇదే. వాయిదా వేయడం వల్ల ఖజానాకు డబ్బు మిగిలిందని చెప్పేవారు ఈ నష్టాన్ని ఏ పద్దులో రాస్తారో నాకు అర్థం కాదు.

దీనికి ఎదురువాదం లేకపోలేదు. కోవిడ్ తర్వాత ప్రయాణికులు తగ్గారు, ఇంటి నుంచి పని అలవాటైంది, 2022 మేలో తెరుచుకున్న ఎలిజబెత్ లైన్ సెంట్రల్ లైన్ రద్దీలో కొంత పంచుకుంది, ఎలాగూ కొత్త తరం రైళ్లు వస్తాయి కాబట్టి పాతవాటి మీద కోట్లు గుమ్మరించడం వృథా అన్నది ఆ వాదన. వినడానికి పొదుపుగా ఉంది. కానీ ఆ కొత్త తరం రైళ్ల సంగతి చూడండి. 1973 నాటి రైళ్లతో నడుస్తున్న పికడిల్లీ లైన్ కోసం సీమెన్స్‌కు 94 రైళ్ల ఆర్డరు ఇచ్చింది 2018లో. 2025లో తిరగాల్సిన మొదటి రైలు ఆ గడువును దాటిపోయింది. దాని తర్వాత వరసలో 1972 నాటి రైళ్లతో నెట్టుకొస్తున్న బేకర్లూ లైన్ ఉంది. సెంట్రల్ లైన్ వంతు ఎప్పటికొస్తుందో లెక్కవేసుకుంటే, ఇప్పటి రైళ్లు నలభై ఏళ్లు దాటినా నడవక తప్పదని తెలుస్తుంది.

మన దగ్గరికొస్తే ఇదే జాడ్యం మరో రూపంలో కనిపిస్తుంది. అక్కడ ఉన్న రైళ్లను కాపాడుకోలేదు, ఇక్కడ కట్టిన లైన్‌కు రైళ్లే సమకూర్చుకోలేదు. బెంగళూరు ఎల్లో లైన్ ఇందుకు తిరుగులేని ఉదాహరణ. ఆర్.వి. రోడ్ నుంచి బొమ్మసంద్ర దాకా 19 కిలోమీటర్ల వంతెన, 16 స్టేషన్లు సిద్ధమయ్యాయి. 2019 చివర్లో చైనా సంస్థ సీఆర్‌ఆర్‌సీతో కుదిరిన ఒప్పందం కింద రావాల్సిన రైళ్లు రాలేదు. చివరికి 2025 ఆగస్టు 10న ప్రధానమంత్రి చేతుల మీదుగా లైన్ ప్రారంభమైనప్పుడు దాని మీద తిరిగినవి మూడే మూడు రైళ్లు, పాతిక నిమిషాలకొకటి. ఎలక్ట్రానిక్ సిటీకి వెళ్లే ఉద్యోగి పాతిక నిమిషాలు ఆగాల్సి వచ్చిన ఆ మార్గాన్ని అప్పుడు మెట్రో అని పిలవడానికి నాకు మనసొప్పలేదు.

హైదరాబాద్ సంగతి ఇంతకన్నా లోతుగా ఆలోచించాల్సినది. ఇక్కడి 69 కిలోమీటర్ల మూడు కారిడార్లకూ కలిపి ఉన్నవి హ్యుందాయ్ రోటెమ్ సంస్థ సరఫరా చేసిన 57 రైళ్లు, ఒక్కోదానికి మూడు కోచ్‌లు. స్టేషన్లను ఆరు కోచ్‌ల రైలు నిలబడేలా కట్టారు. సాయంత్రం ఆరు గంటలకు అమీర్‌పేటలో రాయదుర్గం వైపు నుంచి వచ్చే రైలు దిగి మియాపూర్–ఎల్బీనగర్ ప్లాట్‌ఫాం మీదికి వెళ్లేవారికి ఈ మూడు కోచ్‌ల అర్థమేమిటో వివరించనక్కరలేదు. ఒక రైలును వదిలేస్తే గానీ తర్వాతి దాంట్లో కాలు పెట్టలేని పరిస్థితిలో, రోజుకు నాలుగున్నర లక్షలకు పైగా జనం ప్రయాణిస్తున్న లైన్ మీద అదనపు కోచ్‌ల మాట ఏళ్ల తరబడి మాటగానే నానింది. నష్టాల్లో ఉన్న నిర్వాహక సంస్థ ఎల్ అండ్ టీ పెట్టుబడి పెట్టనంది. తనది కాని ఆస్తి మీద ఖర్చు పెట్టడానికి ప్రభుత్వం వెనకాడింది. ఇద్దరి మధ్య ప్రయాణికుడు తలుపు దగ్గర ఇరుక్కుపోయాడు. లండన్‌లో మెట్రోనెట్‌తో తేలిన సత్యమే ఇక్కడా తేలింది. లాభం మీద కన్నేసి వచ్చిన భాగస్వామి, లాభం కనిపించని చోట పాతికేళ్ల తర్వాతి అవసరం కోసం రైళ్లు కొనడు.

2025 సెప్టెంబరులో ఎల్ అండ్ టీ నుంచి ఈ 69 కిలోమీటర్ల మొదటి దశను స్వాధీనం చేసుకోవడానికి తెలంగాణ ప్రభుత్వం సూత్రప్రాయంగా అంగీకరించడాన్ని అందుకే నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. మెట్రో ప్రజా ఆస్తిగా ఉండాలి. అయితే ప్రభుత్వం నెత్తికెత్తుకునే సుమారు 13,000 కోట్ల రూపాయల మెట్రో అప్పు, ఎల్ అండ్ టీ వాటాకు చెల్లించే 2,000 కోట్ల గురించి జరిగినంత చర్చ, అప్పుతో పాటు వచ్చే 57 రైళ్ల గురించి జరగలేదు. వీటిలో మొదటిది కొరియా నుంచి హైదరాబాద్ చేరింది 2014లో. ఏసీ మోటార్లు కాబట్టి బ్రష్‌ల బెడద లేదు. కానీ మోటార్లకు తగినట్టు కరెంటును మార్చి అందించే ఇన్వర్టర్లు, బ్రేకులు, తలుపుల యంత్రాంగం, ఎయిర్ కండిషనింగ్, కంప్యూటర్ బోర్డులు అన్నింటికీ ఆయుష్షు ఉంటుంది. ఇవన్నీ ఇంచుమించు ఒకే కాలంలో కొన్న రైళ్లు కాబట్టి, ఇంచుమించు ఒకే కాలంలో పెద్ద ఓవర్‌హాల్‌కు వస్తాయి. ఆ కాలం అప్పు వాయిదాలు కట్టే కాలంతోనే కలిసి రాబోతోంది. బడ్జెట్‌లో రెండింటికీ చోటు లేనప్పుడు ఆర్థికశాఖ దేన్ని ఆపుతుందో చెప్పడానికి లండన్ దాకా వెళ్లనక్కరలేదు. మన ఆర్టీసీ డిపోల్లో కాలం చెల్లినా తిరుగుతున్న బస్సులను చూస్తే చాలు.

మరోవైపు 76.4 కిలోమీటర్ల రెండో దశకు 24,269 కోట్ల అంచనా సిద్ధమై ఉంది. కొత్త కారిడార్లు కావాలి, వాటికి నేను వ్యతిరేకిని కాను. విమానాశ్రయానికి మెట్రో లేని మహానగరంగా హైదరాబాద్ ఇంకెంతకాలం ఉంటుంది? కానీ కొత్త కారిడార్ల నుంచి వచ్చే జనమంతా చివరికి అమీర్‌పేట, ఎంజీబీఎస్, రాయదుర్గం మీదుగా పాత లైన్లలోకే వచ్చి పడతారు. అక్కడ ఇప్పటికే ఖాళీ లేదు. కిలోమీటర్లు పెంచి రైళ్లు పెంచకపోతే కొత్త లైన్ పాత లైన్‌కు భారమే అవుతుంది.

అందువల్ల ప్రభుత్వాన్ని అడగాల్సినవి స్పష్టంగానే ఉన్నాయి. స్వాధీన పత్రాలతో పాటు ప్రతి రైలు స్థితిగతుల మీద స్వతంత్ర ఇంజినీర్ల నివేదికను శాసనసభ ముందు పెట్టాలి. ఏ రోజు ఎన్ని రైళ్లు నడిచాయి, ఎన్ని డిపోలో ఎందుకు ఆగాయి అన్న వివరం రోజూ ప్రయాణికులకు కనిపించాలి. చార్జీల ఆదాయం నుంచి, స్టేషన్ల దగ్గరి వాణిజ్య స్థలాల అద్దెల నుంచి ఒక నిర్ణీత వాటాను రైళ్ల నిధికి చట్టబద్ధంగా మళ్లించి, అప్పు వాయిదాలకు గానీ ఉచిత పథకాలకు గానీ ఆ నిధిని తాకే వీల్లేకుండా చేయాలి. అన్నింటికన్నా ముందు అదనపు కోచ్‌లకు ఆర్డరు పెట్టాలి. బెంగళూరు తన ఎల్లో లైన్ ఒప్పందం చేసుకున్న నాటి నుంచి మొదటి రైలు కళ్లచూడటానికి నాలుగేళ్లు దాటింది. హైదరాబాద్‌కూ అంతే కాలం పట్టినా, ఇప్పుడు ఆర్డరు ఇస్తేనే, పాత 57 రైళ్లను ఒక్కొక్కటిగా ఓవర్‌హాల్‌కు పంపే రోజున వాటి బదులు నడపడానికి మన దగ్గర రైళ్లుంటాయి.